జీతం లేని కొలువు: డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి జీవితం



చెన్నై సెంట్రల్ నుండి ఎలక్ట్రిక్ రైలులో ఆవడి దాటి, తిరువళ్ళూరు దాటి, అరక్కోణం దగ్గర రేణిగుంట లైనుకు మళ్ళితే తిరుత్తణి వస్తుంది. మన సంఘాలవారిలో చాలామంది ఈ రైళ్ళలోనే అంబత్తూరు, ఆవడి ఫ్యాక్టరీలకు, పట్నంలోని ఆఫీసులకు వెళ్ళివస్తూ సగం జీవితం గడిపినవారు. వారమంతా ఉద్యోగం చేసి, ఆదివారం నాడు సండే స్కూలులో పాఠం చెప్పేవారు, కుర్చీలు వేసేవారు, ఆస్పత్రికి వెళ్ళి రోగులను చూచి వచ్చేవారు కూడా వీరే. వీరికి ఎవరూ జీతం ఇవ్వరు. జీతం ఇచ్చే చోట మనిషి చేత పని చేయించడం ఒక పద్ధతి. జీతం ఇవ్వని చోట ఎలా చేయించాలి? సంఘ పెద్దగా చాలా ఏళ్ళ నుండి నేను ఈ ప్రశ్నతో తంటాలు పడుతున్నాను. అందుకని ఈసారి మన పొరుగునే పుట్టిన ఒక తెలుగు ఉపాధ్యాయుని జీవితం వ్రాస్తున్నాను. రాష్ట్రపతిగా ఆయనను అందరూ ఎరుగుదురు. చేతిలో ఒక ఉద్యోగం ఉండగానే, మరొక చోట జీతం పుచ్చుకోకుండా ఒక పెద్ద విశ్వవిద్యాలయాన్ని నడిపిన మనిషిగా ఎరిగినవారు తక్కువ.

సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1888వ సంవత్సరం సెప్టెంబరు 5వ తేదీన తిరుత్తణిలో ఒక తెలుగు కుటుంబంలో జన్మించారు. తండ్రి వీరాస్వామి గారు, తల్లి సీతమ్మ గారు. తండ్రి ఒక జమీందారు దగ్గర రెవెన్యూ వ్యవహారాలు చూచే చిన్న ఉద్యోగి. ఇంటిపేరు నెల్లూరు జిల్లాలోని సర్వేపల్లి గ్రామం నుండి వచ్చింది. 1840లో శామ్యూల్ డే దొరగారు తెలుగు బాప్తిస్టు మిషను పని మొదలుపెట్టినది కూడా ఆ నెల్లూరులోనే గనుక, ఆ ఊరి పేరు వింటే మనకు ఇంటి పేరు విన్నట్లే ఉంటుంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మనలో చాలామంది తాతలో తండ్రులో ఆంధ్ర నుండి పని వెదకుకొంటూ ఇటు వచ్చారు. తిరుత్తణి తెలుగువారి సంగతి వేరు. వారు కూర్చున్న చోటనే కూర్చున్నారు, ఎల్లలే వారిని దాటి వెళ్ళాయి. రాధాకృష్ణన్ గారు పుట్టేనాటికి ఆ ఊరు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. 1953లో ఆంధ్ర రాష్ట్రంలో భాగమయింది. పటాస్కర్ గారి సిఫార్సు మీద 1960 ఏప్రిల్ 1వ తేదీన మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. అప్పుడు రాధాకృష్ణన్ గారు భారతదేశానికి ఉపరాష్ట్రపతి. ఆయన ఉపరాష్ట్రపతిగా ఉండగానే ఆయన పుట్టిన ఊరు రాష్ట్రం మారింది! తిరువళ్ళూరు జిల్లా 1997లో ఏర్పడింది.

ఆయన చదువంతా ఇంచుమించు మిషనరీల చేతుల మీదుగా సాగింది. తిరుత్తణిలో అక్షరాలు నేర్చి, తరువాత తిరుపతిలో హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషను పాఠశాలలోనూ, వేలూరులో అమెరికన్ ఆర్కాటు మిషనువారి ఊరీస్ కళాశాలలోనూ, చివరకు మద్రాసు క్రిస్టియన్ కాలేజీలోనూ చదివారు. డబ్బులేని ఇల్లు కాబట్టి స్కాలర్‌షిప్పుల మీదనే చదివారు. తత్వశాస్త్రం ఎన్నుకోవడానికి కారణం కూడా పేదరికమే. అదే కాలేజీలో చదువు ముగించిన ఒక బంధువు తన తత్వశాస్త్రం పుస్తకాలను ఇవ్వడంతో, పుస్తకాలు కొనే పని లేదు కదా అని ఆ సబ్జెక్టు తీసుకొన్నారు.

మిషనరీ గురువులు హిందూ మతం మీద చేసిన విమర్శలు ఆ యువకుని మనసులో ముల్లులాగా నాటుకొన్నాయి. దానికి జవాబుగానే ఎం.ఏ. పరీక్షకు వేదాంతంలోని నీతిశాస్త్రాన్ని గురించి 1908లో ఒక వ్యాసం వ్రాశారు. అది మిషనరీల వాదానికి ఎదురు వాదమే. అయినా దానిని దిద్దిన ఆచార్య హాగ్ గారు, తాను మిషనరీయే అయి ఉండి కూడా, ఆ వ్యాసాన్ని మెచ్చుకొని యోగ్యతాపత్రం ఇచ్చారు. తనను ఎదిరించే శిష్యునికి మంచి మార్కులు వేసిన ఆ గురువు అంటే నాకు ఎంతో గౌరవం. రాధాకృష్ణన్ గారు జీవితాంతం మన మిషనరీలను గట్టిగా విమర్శిస్తూనే ఉన్నారు. ఆ విమర్శలలో కొన్ని మనకు నొప్పి కలిగిస్తాయి, కొన్ని నిజం కూడా.

1909లో మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఉద్యోగం దొరికింది. ప్రభుత్వ విద్యాశాఖలో స్థిరపడాలంటే ఉపాధ్యాయ శిక్షణ పొందాలి గనుక సైదాపేటలోని ట్రైనింగ్ కాలేజీలో చేరారు. ట్రైనింగు చదివిన మనకందరికీ ఆ క్లాసులు ఎలా ఉంటాయో తెలుసు. ఆయన అక్కడ ఊరికే కూర్చోలేదు. తనతోపాటు శిక్షణ పొందుతున్న తోటి ఉపాధ్యాయులకు మనస్తత్వశాస్త్రం మీద వరుసగా ఉపన్యాసాలు ఇచ్చారు. అవి 1912లో చిన్న పుస్తకంగా వచ్చాయి. విద్యార్థిగా ఉండి, తోటి విద్యార్థులకు పాఠం చెప్పడం! ఆయన జీతం లేకుండా చేసిన మొదటి పని ఇదేనని నేను అనుకుంటాను.

రాజమండ్రి ప్రభుత్వ కళాశాలలో కొంతకాలం పనిచేసి, 1918లో మైసూరు మహారాజా కాలేజీకి వెళ్ళారు. 1921లో కలకత్తా విశ్వవిద్యాలయంవారు, ముఖ్యంగా అశుతోష్ ముఖర్జీ గారు, దేశంలోకెల్లా గొప్పదనదగిన తత్వశాస్త్ర పీఠానికి ఆయనను పిలిచారు. మైసూరు విడిచి వెళ్ళేనాడు విద్యార్థులు బండికి పూలు కట్టి, గుర్రాలను విప్పి, తామే రైల్వే స్టేషను దాకా లాగుకొని వెళ్ళారు. ఈ కథ పాఠ్యపుస్తకాలలో చదివినదే. ఆయన అక్కడ పనిచేసినది మూడేళ్ళే. ఇరవై ఏళ్ళు పనిచేసి రిటైరైన నాడు పూలదండతో సరిపెట్టుకొన్న మాష్టర్లం మనమెంతమందిమి లేము!

1931లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు. దాని మొదటి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి గారు బ్రిటిష్ ప్రభుత్వ దమనకాండకు నిరసనగా రాజీనామా ఇచ్చిన తరువాత ఆ బాధ్యత ఈయనకు వచ్చింది. 1936 వరకు వాల్తేరులో ఉన్నారు. ఆనర్సు, పై తరగతులు పెట్టడానికి మనుషులు కావాలి. పేరు మోసిన పెద్దల కోసం ఆయన కాచుకొని కూర్చోలేదు. హుమాయూన్ కబీర్, హీరేన్ ముఖర్జీ, సూరి భగవంతం వంటివారిని తెచ్చారు. అప్పటికి ఈ ముగ్గురికీ ముప్పై ఏళ్ళు నిండలేదు. కబీర్ బెంగాలీ ముస్లిం, తరువాత కేంద్రమంత్రి అయ్యారు. ముఖర్జీ కమ్యూనిస్టు, పార్లమెంటులో చాలా ఏళ్ళు ప్రతిపక్షంలో కూర్చుని గర్జించారు. భగవంతం గారు పెద్ద శాస్త్రజ్ఞులయ్యారు. రసాయనశాస్త్రానికి టి.ఆర్. శేషాద్రి గారు వచ్చారు. వీరిలో ఏ ఇద్దరి అభిప్రాయాలూ ఒకటి కావు. ఉపకులపతి అభిప్రాయాలతో కూడా వారికి పొత్తు లేదు. మన కమిటీలకు మనం ఎవరిని ఎన్నుకొంటాము? మన మాటకు తల ఊపేవారిని. నేను కూడా అదే చేశాను, అందుకే చెబుతున్నాను.

ఇక అసలు సంగతికి వస్తాను. 1936లో ఆక్స్‌ఫర్డ్‌లో ప్రాచ్య మతాల పీఠానికి ఆయనను ఎన్నుకొన్నారు. కలకత్తా పీఠం కూడా ఆయన చేతిలోనే ఉంది. 1939లో కాశీ హిందూ విశ్వవిద్యాలయ స్థాపకులు పండిత మదనమోహన మాలవీయ గారు, వృద్ధాప్యం వల్ల, అనారోగ్యం వల్ల భారం దింపుకోదలచి, రాధాకృష్ణన్ గారిని ఉపకులపతిగా ఉండమని అడిగారు. మాలవీయ గారు ఊరూరా తిరిగి, రాజులను, జమీందార్లను అడిగి, బిచ్చమెత్తి కట్టిన విశ్వవిద్యాలయమది. ఆయన అడిగితే కాదనడం ఎవరికైనా కష్టమే. రాధాకృష్ణన్ గారు ఒప్పుకొన్నారు. కలకత్తా ఉద్యోగం విడిచిపెట్టలేదు, కాశీలో జీతం తీసుకోలేదు. కలకత్తాలో పాఠాలు చెప్పి, వారం చివర రైలెక్కి కాశీ చేరి, అక్కడి పనులు చూచుకొని మళ్ళీ కలకత్తాకు వచ్చేవారు. రెండు ఊళ్ళ మధ్య దాదాపు 680 కిలోమీటర్లు. అప్పటి ఆవిరి రైళ్ళలో అది రాత్రి ప్రయాణం. వయస్సు యాభై దాటింది. ఇలా రెండేళ్ళ వరకు సాగింది. 1941లో కలకత్తా విడిచి, కాశీలోనే గైక్వాడ్ పీఠం ఆచార్యులుగా స్థిరపడ్డారు.

ఉద్యోగం ఉన్నవాడు సేవ చేయలేడని కొందరంటారు. సమయం లేదని అందరూ అంటారు. ఈ కలకత్తా రైలును తలచుకొన్నప్పుడల్లా ఆ మాట నా నోట రావడానికి కాస్త జంకుతుంది.

అయితే రైలు ప్రయాణాలు సులువైన భాగం. 1942 ఆగస్టులో క్విట్ ఇండియా ఉద్యమం లేచింది. కాశీ విద్యార్థులు అందులో ముందు నిలిచారు. విశ్వవిద్యాలయం మూతపడింది, ఆవరణలోకి సైన్యం ప్రవేశించింది. సంయుక్త రాష్ట్రాల గవర్నరు హాలెట్ దొర ఆ భవనాలను యుద్ధకాలపు ఆస్పత్రిగా మార్చాలని చూచాడు. రాధాకృష్ణన్ గారు ఢిల్లీకి పరుగెత్తి, వైస్రాయి లిన్లిత్‌గో గారితో మాట్లాడి, దానిని ఆపించారు. గవర్నరు ఊరుకుంటాడా? ప్రభుత్వ గ్రాంటు నిలిపివేశాడు. అధ్యాపకులకు, సిబ్బందికి జీతాలు ఇవ్వాలి. తనకు జీతం లేని ఉపకులపతి ఇతరుల జీతాల కోసం జోలె పట్టుకొని బయలుదేరారు. మాలవీయ గారు నడచిన దారినే నడచి, దాతల గడపలు ఎక్కి విరాళాలు పోగుచేశారు. విశ్వవిద్యాలయం నిలిచింది.

ఈ ఘట్టంలో నాకు నచ్చినది ధైర్యం ఒక్కటే కాదు. ఆయన కోపిష్ఠి ఉద్యమకారుడు కాదు. బ్రిటిష్‌వారు ఇచ్చిన సర్ బిరుదు ఉన్న మనిషి. జైలుకు వెళ్ళలేదు. ఉద్యమకారులు కొందరు ఆయనను మెత్తని మనిషిగా చూచారు, గవర్నరు తిరుగుబాటుదారులను కాపాడే మనిషిగా చూచాడు. రెండు వైపులా మాటపడి, మధ్యలో సంస్థను కాపాడడం సంస్థ పెద్దకు తప్పని పని. సంఘం చీలిపోయే రోజులలో పెద్దగా ఉన్నవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. 1948 వరకు ఆయన ఆ బాధ్యతలో ఉన్నారు. ఆదివారాలలో విద్యార్థులకు గీత మీద ఉపన్యాసం చెప్పేవారు.

అయితే ఈ లెక్కలో ఇంకొక పద్దు ఉంది. జీతం లేని సేవకు ఖర్చు ఎవరో ఒకరు భరించాలి. ఆయన ఇంట్లో భరించినది శివకామమ్మ గారు. ఆయన చదువుకొంటున్నప్పుడే, చిన్న వయస్సులోనే పెండ్లి అయింది. ఐదుగురు కూతుళ్ళు, ఒక కుమారుడు. భర్త కలకత్తాలో, ఆక్స్‌ఫర్డ్‌లో, కాశీలో ఉండగా పిల్లల పెంపకం, బంధువుల రాకపోకలు, ఇంటి బరువు ఆమెవి. 1956లో ఆమె చనిపోయారు. కుమారుడు సర్వేపల్లి గోపాల్ గారు పేరున్న చరిత్రకారులు. 1989లో తండ్రి జీవితచరిత్ర వ్రాస్తూ, తల్లి విషయంలో తండ్రి చేసిన లోపాలను ఆయన దాచలేదు. తండ్రి గొప్పతనాన్ని వ్రాసిన చేతితోనే తల్లి పడిన బాధను కూడా వ్రాశారు. కుమారుడు ఇంత నిష్పక్షపాతంగా వ్రాయడం మన దేశంలో అరుదు. నేనా పుస్తకం గురించి విన్నప్పటి నుండి, కమిటీ మీటింగు రాత్రి పదిగంటలు దాటితే గడియారం చూడడం అలవాటు చేసుకొన్నాను. నా భార్య దీనికి మూడు దశాబ్దాలు ఆలస్యమయిందంటుంది.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత 1948 నవంబరులో ప్రభుత్వం విశ్వవిద్యాలయ విద్యా సంఘాన్ని వేసి, రాధాకృష్ణన్ గారిని అధ్యక్షులుగా పెట్టింది. జాకిర్ హుస్సేన్, మేఘనాథ్ సాహా, లక్ష్మణస్వామి మొదలియార్ వంటివారు అందులో సభ్యులు. 1949 ఆగస్టులో నివేదిక ఇచ్చారు. అందులోని అనేక సిఫార్సులలో ఒకటి, చదువుకొనే యువకులు దేశసేవ చేయాలని, అయితే అది వారి ఇష్టం మీద జరగాలని.

ఇష్టం మీద అన్న ఆ చిన్న మాట మీద ఇరవై ఏళ్ళు చర్చ నడిచింది. 1959లో సి.డి. దేశ్‌ముఖ్ గారి కమిటీ, కాలేజీ చదువుకు ముందు తొమ్మిది నెలల నుండి ఏడాది వరకు సేవ అందరికీ తప్పనిసరి చేయాలన్నది. డబ్బు చాలక అది జరగలేదు. తరువాత సయ్యదైన్ గారు అనేక దేశాలలోని పద్ధతులు చూచి వచ్చి, ఇష్టపూర్వకంగానే ఉండాలని సలహా ఇచ్చారు. చైనా యుద్ధం తరువాత 1963లో ఎన్.సి.సి.ని కాలేజీ విద్యార్థులకు తప్పనిసరి చేశారు, 1968లో ఆ నిర్బంధం తీసివేశారు. ఆఖరుకు 1969 సెప్టెంబరు 24వ తేదీన, గాంధీ గారి శతజయంతి సంవత్సరంలో, నేషనల్ సర్వీస్ స్కీము 37 విశ్వవిద్యాలయాలలో, 40,000 మంది విద్యార్థులతో మొదలయింది. మన పిల్లలు కాలేజీలలో ఎన్.ఎస్.ఎస్. క్యాంపు అని పల్లెలకు వెళ్ళి రోడ్లు వేసి, చెట్లు నాటి వస్తారే, అదే ఇది.

నేను ఈ తప్పును స్వయంగా చేసి నేర్చుకొన్నాను. కొన్నేళ్ళ క్రితం ఇటుక బట్టీలలో పనిచేసేవారి పిల్లలకు మా సంఘంలో సాయంత్రపు బడి పెట్టాము. ఫ్యాక్టరీలో షిఫ్టు ముగించుకొని వచ్చే యవ్వనస్థులు పన్నెండు మంది పాఠం చెప్పడానికి ముందుకొచ్చారు. నాది మాష్టరు బుద్ధి కదా, హాజరు రిజిస్టరు పెట్టాను. రానివారి పేర్లు ఆదివారం ఆరాధన తరువాత చదివాను. మూడు నెలలు తిరక్కుండా ఏడుగురు మానుకొన్నారు. వారిలో ఒక అబ్బాయి రాత్రి షిఫ్టు పడినందువల్ల రాలేకపోయాడని నాకు తరువాత తెలిసింది. నేను అడగలేదు, అతను చెప్పలేదు. వారి ఇండ్లకు వెళ్ళి, టీ త్రాగి, క్షమాపణ అడిగాను. నలుగురు తిరిగి వచ్చారు. ఆ అబ్బాయి రాలేదు.

1949లో రాధాకృష్ణన్ గారు రాయబారిగా మాస్కో వెళ్ళారు. 1952లో తిరిగి వచ్చేముందు స్టాలిన్‌ను చూడడానికి వెళ్ళి, అంతటి భయంకరుని చెంప నిమిరి, వీపు తట్టి వచ్చారని చెప్పుకొంటారు. అదే సంవత్సరం ఉపరాష్ట్రపతి అయ్యారు. ఉపరాష్ట్రపతి రాజ్యసభకు అధ్యక్షత వహించాలి. పదేళ్ళు ఆ సభను ఆయన నడిపిన తీరు చూచి, అది ఇంట్లోవారు కూడుకొన్నట్లుగా ఉన్నదని నెహ్రూ గారు మెచ్చుకొన్నారు. అక్కడ కూడా ఆయన కోపగించి నోరు మూయించింది తక్కువ. ఒక శ్లోకమో, చతురోక్తియో విసిరి చల్లార్చడమే ఎక్కువ. 1954లో భారతరత్న వచ్చింది.

1962 మే నెలలో రాష్ట్రపతి అయ్యారు. అప్పట్లో రాష్ట్రపతి జీతం నెలకు 10,000 రూపాయలు ఉండేది. అందులో 2,500 మాత్రమే తీసుకొన్నారు. ఆ ఏడు ఆయన పుట్టినరోజు జరుపుతామని కొందరు శిష్యులు, మిత్రులు వెళ్ళి అడిగితే, తన కోసం కాకుండా ఉపాధ్యాయులందరి కోసం ఆ రోజును జరపమని కోరారు. అప్పటి నుండి సెప్టెంబరు 5వ తేదీ ఉపాధ్యాయ దినోత్సవం అయింది. బడిలో పనిచేసిన రోజులలో ఆ నాడు పిల్లలు ఇచ్చిన పెన్నులు నా దగ్గర ఇంకా డబ్బాలో ఉన్నాయి. చాలావాటిలో సిరా లేదు.

ఆయనకు మచ్చ లేదని చెప్పను. ఆయన పుస్తకంలోని కొన్ని భాగాలు తన పరిశోధన నుండి తీసుకొన్నవేనని 1929లో జదునాథ్ సిన్హా అనే యువకుడు ఆరోపించాడు. కోర్టు దాకా వెళ్ళి, 1933లో రాజీ పడ్డారు. పెద్దవారి క్రింద పనిచేసే చిన్నవారి శ్రమ ఎవరి పేరుతో బయటకు వస్తుందన్నది నేటికీ ప్రతి సంస్థలో ఉన్న బాధే. మన వార్షిక నివేదికలలో ఎవరి పేర్లు అచ్చవుతున్నాయో ఒకసారి చూచుకొంటే తెలుస్తుంది.

1967 మేలో పదవి ముగించుకొని మద్రాసు చేరి, మైలాపూరులోని తమ ఇంట్లో ఉండిపోయారు. ఎన్.ఎస్.ఎస్. మొదలయ్యేనాటికి ఆయన వయస్సు 81. తరువాత ఆరోగ్యం చెడి, మంచం పట్టారు. మతరంగంలో కృషి చేసినవారికి ఇచ్చే టెంపుల్టన్ బహుమతి 1975లో ఆయనకు ప్రకటించారు. రెండేళ్ళ క్రితం, 1973లో, దానిని మొదటిసారి అందుకొన్నది మదర్ తెరెసా గారు. క్రైస్తవుడు కాని మనిషికి ఆ బహుమతి రావడం అదే మొదలు. మిషను బళ్ళలో చదివి, మిషనరీలతో వాదించిన మనిషికి అది దక్కింది. ఆ సొమ్మంతా ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి ఇచ్చివేశారు. 1975 ఏప్రిల్ 17వ తేదీన మద్రాసులో కన్నుమూశారు. అప్పటికి తిరుత్తణి తమిళనాడులో చేరి పదిహేనేళ్ళు నిండాయి.